పేరు చెప్పకూడని సహోదరి ఇల్లు

ఉద్యోగం పోవడం మంచిది. పరాయి దేశంలో పోతే మరీ మంచిది. అక్కడ ఇల్లు కొనుక్కున్నాక పోయిందా, ఇక ఆ మనిషి అదృష్టానికి ఎదురే లేదు!

నవ్వకండి. ఉత్తమాట చెప్పడం లేదు. నమ్మకం లేకపోతే మైపాడు రోడ్డులో ఇందుకూరుపేట దాటి, రొయ్యల గుంటల మధ్య నుంచి లోపలికి పోయే దారి పట్టండి. చర్చి పక్కన పచ్చరంగు మిద్దె కనబడుతుంది. అది రెబెక్కమ్మది. ఈ మధ్య కొన్నాళ్లు ఆ మిద్దె మీది గదిలో ఆమె అక్క కూతురు ఎవాంజెలిన్, ఆ అమ్మాయి భర్త రూఫస్ కాపురమున్నారు. కెనడా నుంచి వచ్చారు. లీవు మీద వచ్చారు.

లీవు అనే మాటను కాస్త గుర్తుపెట్టుకోండి.

ఎవాంజెలిన్ కెనడాలో ఎడ్మంటన్ అనే ఊళ్లో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేసేది. ఒకరోజు పొద్దున్నే మేనేజరు వీడియో కాల్‌లోకి పిలిచాడు. అతని పక్కన అంతకు ముందెప్పుడూ చూడని ఒకావిడ కూర్చుని ఉంది. ఇద్దరూ ఎంతో మర్యాదగా మాట్లాడారు. ఆమె లాంటి మనిషి దొరకడం కంపెనీ అదృష్టమన్నారు. ఆ అదృష్టం ఇవాళ్టితో చాలన్నారు. పొయ్యి మీద ఇడ్లీలు ఉడికేలోపు మాటలన్నీ అయిపోయాయి. కంప్యూటర్ దానంతట అదే తాళం వేసుకుంది. రూఫస్ పనిచేసే చోట కాంట్రాక్టు అంతకుముందే ముగిసింది. ఇంటిల్లిపాదికీ ఒకేసారి సెలవులు!

ఇప్పుడు కలిగిన మేలు చూడండి. అన్నిటికంటే ముందు ఆమెకు తన ఇల్లు కనిపించింది.

కొని నాలుగేళ్లయిన ఇల్లు. చలిదేశం కదా, చీకటితో బయలుదేరి చీకటి పడ్డాక తిరిగి వచ్చేవాళ్లు. శని ఆదివారాలు బట్టలకూ బజారుకూ చర్చికీ సరిపోయేవి. ఉద్యోగం పోయిన మర్నాడు ఎవాంజెలిన్ కాఫీ గ్లాసు పట్టుకుని వంటింట్లో నిలబడితే, పొయ్యి పక్కన జానెడు వెడల్పు ఎండ పడి ఉంది. ఈ ఇంట్లోకి ఎండ వస్తుందని ఆమెకు తెలియదు. కుర్చీ తెచ్చుకుని ఆ ఎండలో కూర్చుంది. ఎండ జరిగితే కుర్చీ జరుపుకుంది. ఉద్యోగం ఉన్నవాళ్లలో ఎంతమందికి ఈ యోగం పడుతుంది చెప్పండి?

కొన్నాళ్లు ఎండ అనుభవించాక, ఇల్లు అమ్మక తప్పదని తేలింది. వాయిదాలు కట్టేది జీతం. ఆ జీతం లేదు. బ్యాంకు వచ్చి తీసుకునేలోపు తామే అమ్ముకుంటే చేతిలో కొంచెం మిగులుతుంది. ఆ మిగిలేదే ఏదో ఒక చోట అద్దెకుండి మళ్లీ పని వెతుక్కోవడానికి ఆధారం. అమ్ముడుపోకపోతే ఇల్లూ ఆధారమూ రెండూ పోతాయి. వాళ్ల ముందున్న సంగతి అంతే.

అప్పుడు దొరికింది లిండా. ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు. ఆమె వచ్చాక ఇంటికి పట్టిన యోగం అంతా ఇంతా కాదు!

స్నానాలగదిలో ఒక కుళాయి కొన్ననాటి నుంచీ కారుతూ ఉండేది. కింద పెట్టిన గిన్నెలో టపటపమనే చప్పుడు లేకపోతే వాళ్లకు నిద్ర పట్టేది కాదు. అది ఒక్క పూటలో బాగైంది. పడకగది తలుపు కిర్రుమనడం మానింది. గోడలకు రంగు పడింది. మెట్ల మీద ఎవాంజెలిన్ రెండుసార్లు కాలు బెణికించుకున్న చోట కొత్త చెక్క వచ్చింది.

ఇవన్నీ మనకోసం ఎందుకు చేయించుకోలేదని ఆమె రూఫస్‌ను అడిగింది. మనం కొనడానికి వచ్చినవాళ్లం కాదు కదా అన్నాడతను. ఆలోచిస్తే ఇందులో ఎంత ధర్మం ఉంది! ఉండే మనిషి ఎలాగైనా ఉంటాడు. రాబోయే మనిషికి కదా మర్యాద!

తర్వాత లిండా గోడల మీది ఫోటోలు తీయించింది. పెళ్లి ఫోటో, బాప్తిస్మం ఫోటో, మైపాడు ఒడ్డున తీసుకున్న ఫోటో అన్నీ అట్టపెట్టెల్లోకి పోయాయి. గుమ్మం మీది బైబిలు వాక్యం పలక దిగింది. పచ్చడి జాడీలు గ్యారేజీకి వలసపోయాయి. ఈ ఇంట్లో మీరున్నట్టు కనిపించకూడదు, వచ్చినవాళ్లు తామే ఉన్నట్టు ఊహించుకోవాలి అని ఆమె నచ్చజెప్పింది.

పరదాల దగ్గర మాత్రం కొంచెం చిక్కొచ్చింది. నెల్లూరు చేపల పులుసు వండిన రోజు కంటే మర్నాడు రుచి అని మీకు తెలుసు. చలికి కిటికీలు తెరవని ఊళ్లో అది పరదాలకు నెలల తరబడి రుచే. లిండా ఇల్లంతా తిరిగి, పరదా దగ్గర ఆగి, ఇది ఎప్పటి వంట అని అడిగింది. క్రిస్మస్‌కు అని చెప్పింది ఎవాంజెలిన్. ఏ క్రిస్మస్‌కు అని అడిగింది లిండా.

చివరికి ఇంటి అలంకారం పూర్తయింది. గుమ్మంలో అడుగుపెట్టగానే ఎదురుగా చిన్న బల్ల. బల్ల మీద తెల్లటి పింగాణీ గిన్నె. గిన్నె నిండా నిగనిగలాడే పచ్చని నిమ్మకాయలు. అటొకటి ఇటొకటి లావుపాటి ఎర్ర కొవ్వొత్తులు. తాజాదనానికి ఇది గుర్తు అని లిండా చెప్పింది. ఒకరోజు తలనొప్పిగా ఉంటే ఎవాంజెలిన్ అందులోంచి ఒక కాయ తీసి పిండుకుని తాగింది. గూడూరు నిమ్మకాయలు బస్తాల్లెక్కన చూసి పెరిగిన మనిషి, ఒక్క కాయ ఎవరు చూస్తారులే అనుకుంది. మర్నాడు లిండా గుమ్మంలోనే నిలబడి గిన్నెవైపు చూసి, ఇవి తాగడానికి కావు అంది.

ఆ తర్వాత ఆమె అన్నమాట ఇంకా గొప్పది. ఇల్లు ఇప్పుడు చాలా బాగుంది, మీరు కూడా లేకపోతే ఇంకా బాగుంటుంది అంది!

అలా ఇద్దరూ విమానం ఎక్కారు. లీవు మీద.

ఇక్కడొక మాట చెప్పాలి. రెబెక్కమ్మ ఊళ్లో నష్టానికి ఒక పద్ధతుంది. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు సోకి గుంట పోయిందనుకోండి. ఆ రైతు ముందు టీ అంగడికి పోతాడు, తర్వాతే ఇంటికి. పక్క గుంటలవాళ్లూ అదే కాలువలో నీళ్లు తోడుకుంటారు. చెప్పకుండా ఊరుకుంటే వాళ్లవీ పోతాయి. అందుకని నష్టం అక్కడ ముందు ఊరిది. రెబెక్కమ్మ భర్త జీవానందానికి వీళ్లు వచ్చిన వారంలోనే ఒక గుంట పోయింది. ఆయన అంగడి ముందు బల్ల మీద కూర్చుని, మళ్లా పోయిందిరా అబ్బయా అని చెప్పి, టీ తాగి, పక్కవాడి దగ్గర గుంటలో సున్నం ఎంత చల్లాలో కనుక్కుని ఇంటికొచ్చాడు. ఆ రాత్రి బాగానే నిద్రపోయాడు కూడా.

ఎవాంజెలిన్ ఇదంతా చూసి అసూయపడింది. కానీ రొయ్యల మాట వేరు, ఉద్యోగం మాట వేరు. రొయ్యలు చస్తే ఎవరైనా చెప్పుకుంటారు. ఎమ్‌టెక్ చదివినవాళ్లకు పని పోతే ఎలా చెప్పుకుంటారండీ? చదువుకు ఆ మాత్రం గౌరవం ఉండొద్దూ?

కాబట్టి రూఫస్ రోజూ సాయంత్రం ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, లీవైనా మీటింగు తప్పదు మామా అని జీవానందానికి చెప్పి మిద్దె ఎక్కేవాడు. తలుపేసుకుని క్రికెట్ చూసేవాడు. పగలు పడుకునేవాడు. మామూలు మనిషి పగలు పడుకుంటే సోమరి అంటారు. కెనడా మనిషి పడుకుంటే టైం తేడా అంటారు. ఇది మాత్రం తక్కువ భాగ్యమా?

ఎదురు వరసలో అబిగయీలు ఇల్లు. ఆమె కూతురు డెబోరా బెంగళూరు కంపెనీ పని ఇంటి నుంచే చేసుకుంటూ తల్లి దగ్గరే ఉంటోంది. వాళ్ల ముందుగదిలోనూ తెల్లవార్లూ లైటు. జీవానందం దీన్ని గొప్పగా చెప్పుకునేవాడు. మా ఊళ్లో రాత్రిళ్లు గుంటల్లో నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరగతాయి, మిద్దెల్లో రెండు కంప్యూటర్లు తిరగతాయి అనేవాడు.

కొన్నాళ్లకు ఎడ్మంటన్ నుంచి లిండా మెసేజీ వచ్చింది. మంచు ఎక్కువగా ఉంది, ఎవరూ రావడం లేదు అని. ఎవాంజెలిన్ ఆ పూటంతా దొడ్లో అటూ ఇటూ తిరిగి, చివరికి చేపలు తోముతున్న పిన్ని పక్కన చతికిలబడింది.

"పిన్నీ, మా ఇంటి కోసం కొంచెం ప్రార్థన పెట్టు. ఎవురికీ చెప్పబాక."

"ఏమైంది మే?"

"ఏం లేదు. ఇంటి విషయం."

రెబెక్కమ్మ ఇంకేమీ అడగలేదు. గుట్టు కాపాడడంలో ఆమెకు ఆమే సాటి. ఎంత గుట్టంటే, శుక్రవారం ఉపవాస కూటంలో లేచి నిలబడి ఒక్క పేరు కూడా బయటపెట్టలేదు.

"పేరు చెప్పకూడదు. కెనడా నించి వచ్చి, మా మిద్దె మీది గదిలో ఉండే ఒక సహోదరికి ఇంటి విషయంలో శోధన ఉండాది. అందరూ మనవి చెయ్యండి."

చాపల మీది ఆడవాళ్లందరూ తల తిప్పకుండా ఎవాంజెలిన్ వైపు చూశారు. తల తిప్పకుండా చూడడం ఒక విద్య. అది ఆ ఊళ్లో పుట్టినవాళ్లకే వస్తుంది.

ఇంటి విషయంలో శోధన అంటే ఆ తీరంలో ఎవరికైనా ఒకటే అర్థమవుతుంది. ఎవరో ఆ ఇంటి మీద కన్నేశారు. దాయాదులు కావచ్చు, తెల్లదొరలు కావచ్చు. అబిగయీలు కొంగు తల మీదికి లాక్కుని మోకాళ్ల మీదికి వచ్చింది. కుట్టుమిషను తొక్కేటప్పుడు ఎంత ఒడుపో, ప్రార్థనలోనూ అంతే. ఆమె పట్టుకున్న సంగతి వదలదని చుట్టుపక్కల నాలుగు చర్చిల్లో పేరు.

"తండ్రీ, ఆ ఇంటి మీద ఎవురి కన్ను పడిందో నీకు తెలుసు. ఆ గడప పరాయోళ్లు తొక్కకూడదు. వచ్చినోళ్లు వచ్చినట్టే ఎనక్కి తిరిగి పోవాల. ఆ తలుపు కాడ నీ దూతని కాపలా పెట్టు."

ఆమేన్ అన్నారందరూ. ఎవాంజెలిన్ కూడా ఆమేన్ అంది. అనక ఏం చేస్తుంది? కాదండీ, పరాయివాళ్లు తొక్కాలి, గుంపులు గుంపులుగా తొక్కాలి అనాలంటే, ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వస్తే లీవు అనే మాట తెగిపోతుంది.

ప్రార్థన గట్టిగానే సాగింది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం దాకా కడుపులు మాడ్చుకుని, ఆ ఇల్లు ఎవరి చేతికీ చిక్కకూడదని వేడుకుని, తర్వాత నిమ్మకాయ నీళ్లతో ఉపవాసం విడిచేవాళ్లు. ఎవాంజెలిన్ కూడా వాళ్లతో పాటు పస్తుండేది. తన ఇల్లు అమ్ముడుపోకూడదని తానే ఉపవాసమున్న మనిషిని మీరెక్కడైనా చూశారా?

అటు లిండా దగ్గర్నుంచి వింత మెసేజీలు మొదలయ్యాయి. మంచు తగ్గింది, మనుషులు వస్తున్నారు. చాలామంది మీ దేశంవాళ్లే. నవ్వుతూ కారు దిగుతారు. తలుపు తీస్తాను. గడప దగ్గర ఒక్కక్షణం నిలబడతారు, థాంక్యూ అంటారు, వెళ్లిపోతారు. ఒకావిడ పిల్లవాణ్ణి చంకనెత్తుకుని పరుగెత్తింది. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటిది చూడలేదు.

ఎవాంజెలిన్ ఆ మెసేజీ చదివి చల్లబడిపోయింది. రూఫస్‌కు చూపించింది. మార్కెట్ పడిపోయింది, వడ్డీ రేట్లు పెరిగాయి, ప్రార్థనకూ దీనికీ ఏం సంబంధం అని అతను కొట్టిపారేశాడు. ఆమె కూడా చదువుకున్నదే గనక ఆ మాట ఒప్పుకుంది. వచ్చినోళ్లు వచ్చినట్టే పోవాల అనే గొంతు మాత్రం చెవుల్లో నుంచి పోలేదు.

నెల చివరికొచ్చింది. గురువారం సాయంత్రం లిండా ఇంకో మెసేజీ పెట్టింది. శనివారం ఒక కుటుంబం చూడడానికి వస్తోంది, వాళ్లకు ఇల్లు తొందరగా కావాలి, బ్యాంకు గడువులోపు ఇక నాకు కనిపిస్తున్నది వీళ్లొక్కరే అని.

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. శుక్రవారం కూటంలో అబిగయీలు కొంగు సర్దుకుని మోకాళ్ల మీదికి వస్తుండగా లేచి నిలబడింది.

"అక్కా, కొంచెం ఆగు. ఆ సహోదరి నేనే."

అందరూ ఇప్పుడే తెలిసినట్టు తలలు తిప్పారు.

"మా ఇల్లు ఎవురూ లాక్కోవడంలా. మేమే అమ్ముకుంటా ఉండాం. నాకు పని పోయింది. ఆయనకీ పోయింది. మేం లీవు మీద రాలా."

ఎవాంజెలిన్ పిన్ని ముఖంవైపు చూడలేక చాప అల్లిక చూస్తూ నిలబడింది. మూడంతస్తుల ఇల్లెందుకు, రెండు కార్లెందుకు అని ఇప్పుడు ఎవరో ఒకరు అంటారనుకుంది. ముందుగా మాట్లాడింది రెబెక్కమ్మే.

"ఇన్నాళ్లూ ఆడ కడుపుకి తింటా ఉండారా లేదా?"

తింటున్నాం అని ఎవాంజెలిన్ తలూపింది. పిన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

అబిగయీలుకు మాత్రం వేరే బాధ. తన నెల రోజుల కష్టమంతా కళ్ల ముందు కదిలింది.

"ముందే చెప్పుంటే ఇంత గట్టిగా పట్టుకోము గదమ్మే. ఇప్పుడు విడిపించాలంటే ఎంత పని."

చాపల మీద నవ్వులు రేగాయి. ఆ తర్వాత ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. ఒకామె భర్త మస్కట్‌లో పని పోగొట్టుకుని తిరిగొచ్చిన కథ చెప్పింది. ఇంకొకామె రెండుసార్లు గుంట పోయి, మూడోసారి కట్ట కూడా తెగిన కథ చెప్పింది. ఎవరి నష్టం ఎక్కువో పోటీ పడ్డారంటే నమ్మండి. ఎవాంజెలిన్ ఎంత తన ఇంటిని ముందుకు తోసినా ఆమెకు మూడో స్థానం కూడా రాలేదు.

ఈసారి వివరాలు తెలుసుకోకుండా మొదలుపెట్టేది లేదని అబిగయీలు తేల్చి చెప్పింది. ఎవాంజెలిన్ ఫోన్లో ఇంటి ఫోటోలు తీసి చూపించింది. ఆడవాళ్లంతా ఫోన్ మీదికి వంగారు. మీ పెళ్లి ఫోటో ఏదని ఒకరు అడిగారు. తీయించారని చెప్పింది. వాక్యం పలక ఏదని ఇంకొకరు అడిగారు. అదీ తీయించారని చెప్పింది. దుప్పట్లు మీవేనా? కావు, అద్దెవి. ఇంతకీ ఈ ఇంట్లో మీరెక్కడ ఉండారు మే అని రెబెక్కమ్మ అడిగింది. ఆమె ఫోటోలు వెనక్కీ ముందుకీ జరిపింది. పొయ్యి పక్కన ఎండ ఒక ఫోటోలో కొంచెం పడి ఉంటే, ఇదుగో ఇక్కడ అని చూపించింది.

అబిగయీలు ఫోన్ తన చేతిలోకి తీసుకుని, మొదటి ఫోటో దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

"ఇవేంది?"

"నిమ్మకాయలు."

"అది కనబడతా ఉండాది. ఎవురు పెట్టినారు?"

ఎవాంజెలిన్ లిండా సంగతి చెప్పింది. తాజాదనానికి గుర్తని చెప్పింది. అబిగయీలు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"మనుషులు లేని ఇల్లు. గడపకి ఎదురుగా గిన్నెడు నిమ్మకాయలు. అటూ ఇటూ ఎర్ర కొవ్వొత్తులు. ఇంటివాళ్ల ఆనవాలు ఒక్కటి లేదు, ఏమైపోయినారో తెలీదు. నేనైతే కారే దిగను."

మనం విశ్వాసులం, మనకు ఇట్లాంటివాటి మీద నమ్మకం లేదు గదా అని వెనక నుంచి ఎవరో గుర్తుచేశారు. లేదు, అయినా దిగను అంది అబిగయీలు.

ఎవాంజెలిన్ ఫోన్ తీసుకుని ఆ ఫోటో పెద్దది చేసి చూసింది. వారాల తరబడి ఆ గిన్నె పక్కనుంచి వెళ్లింది. అందులోంచి ఒక కాయ పిండుకుని తాగింది. మన వీధిలో మూడు బాటల కూడలి దగ్గర ఒక్క నిమ్మకాయ కనబడితే చుట్టూ తిరిగి పోయే మనిషి, తన గడప ముందు గిన్నెడు పెట్టుకుని లిండా చెప్పింది గదా అని ఊరుకుంది. కారు దిగి పారిపోయినవాళ్లు తమ దేశంవాళ్లేనని లిండా రాసినా తట్టలేదు.

ఆ క్షణమే లిండాకు మెసేజీ పెట్టింది. నిమ్మకాయలు, కొవ్వొత్తులు తీసేయండి. పెళ్లి ఫోటో మళ్లీ గోడకు పెట్టండి. లిండా వాదించింది. ఆ ఫోటో ఉంటే వచ్చినవాళ్లు తమను ఊహించుకోలేరంది. పరవాలేదు, మేము బతికే ఉన్నామని తెలిస్తే చాలు అని ఎవాంజెలిన్ జవాబిచ్చింది.

అబిగయీలు అప్పుడు మోకాళ్ల మీదికి వచ్చింది. దూతను కాపలా నుంచి తప్పించమని తండ్రిని మర్యాదగా కోరింది. ఇన్నాళ్లూ నిలబెట్టినందుకు వందనాలు చెప్పింది. పనిలో పనిగా అంతస్తులు, పడకగదులు, వెనక దొడ్డి, కొత్తగా వేసిన మెట్టు అన్నీ వరసగా వినిపించింది. లిండా ఎప్పుడూ ఆ ఇంటిని అంత బాగా వర్ణించలేదు.

ఆ సాయంత్రం రూఫస్ అలవాటుగా ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్ల దాకా వచ్చాడు. జీవానందం వరండాలో వల బాగుచేసుకుంటూ ఉన్నాడు.

"కూర్చో అబ్బయా. ఇయ్యాళ మీటింగ్ లేదులే."

రూఫస్ కూర్చున్నాడు. కూటంలో సంగతి తెలిసిందా మామా అని మెల్లగా అడిగాడు.

"అదిప్పుడు తెలిసేదేంది? నువ్వొచ్చిన వారానికే తెలుసు. లీవు మీద వచ్చినోడు పూటకోసారి తేదీ చూసుకుంటాడు. ఎన్ని దినాలుండాయో లెక్క పెట్టుకుంటాడు. నువ్వు ఒక్కనాడన్నా తేదీ అడగలా."

మరి నన్నెందుకు అడగలేదు మామా అన్నాడు రూఫస్.

"నువ్వు చెప్పలా. నేను అడగలా." జీవానందం దారం పళ్లతో కొరికాడు. "నాదీ తప్పే. గుంట మాటైతే అదే దినం అడుగుదును." తేదీ సంగతి రూఫస్ ఆ రాత్రే ఎవాంజెలిన్‌కు చెప్పాడు.

శనివారం వచ్చిన కుటుంబం గడప దాటింది. ఇల్లంతా తిరిగింది. పెళ్లి ఫోటో ముందు నిలబడి, వీళ్లు ఏ ఊరివాళ్లని అడిగింది. వంటింట్లో ఎండలో కాసేపు కూర్చుందని లిండా రాసింది. ఇంకొన్ని రోజులకు ఇల్లు అమ్ముడుపోయింది.

అది మార్కెట్ మహిమ అని రూఫస్ అన్నాడు. నిమ్మకాయలు తీసినందువల్ల అని ఎవాంజెలిన్ అంది. రెండూ కాదని అబిగయీలు అంది. ముందు అమ్ముడుపోకుండా ఆపింది ప్రార్థనే, తర్వాత అమ్మిపెట్టిందీ ప్రార్థనే అని ఆమె వాదం. నిమ్మకాయలు పెట్టింది లిండా కదా అంటే, లిండా చేత పెట్టించింది ఎవురు అని ఎదురు ప్రశ్న వేసింది. దీనికి జవాబు మీకేమైనా తోస్తే చెప్పండి. ఊళ్లో ఎవరికీ తోచలేదు.

అందుకే అన్నాను, ఉద్యోగం పోవడం మంచిదని. పోవడం వల్ల ఎవాంజెలిన్‌కు ఇంట్లోకి ఎండ వస్తుందని తెలిసింది. కుళాయి బాగైంది. అంతా పోగొట్టుకున్నాకే, కడుపుకి తింటున్నావా అని అడిగే మనిషి దొరికింది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆమెను ఎవరైనా ఆ మాట అడిగారా? ఇంట్లో ఎన్ని గదులు అని అడిగేవాళ్లం. ఎంతకు కొన్నారు అని అడిగేవాళ్లం. బాగున్నారా అని అడిగి, బాగున్నాం అనే జవాబు వచ్చేలోపు ఫోటోలు పంపమనేవాళ్లం. మనం అడిగినదానికే కదా వాళ్లు జవాబు చెప్పారు!

తిరుగు ప్రయాణానికి ముందు శుక్రవారం ఎవాంజెలిన్ కృతజ్ఞతార్పణ ఇచ్చింది. కూటం ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటుంటే, అబిగయీలు ఆమెను గోడవారకు పిలిచింది.

"ఒక మనవి ఉండాది మే. పేరు చెప్పకూడదు. బెంగళూరులో ఫ్లాటు కొనుక్కుని, వర్క్ ఫ్రం హోం అని వచ్చి, మా ముందుగదిలో ఉండే ఒక సహోదరి. ఇంటి విషయం."

"ఊ."

"ఎవురికీ చెప్పబాక."

ఎవాంజెలిన్ తల తిప్పకుండా ఎదురు వరసలోని ముందుగది కిటికీ వైపు చూసింది. పట్టపగలు అక్కడ లైటు వెలుగుతోంది. తలుపు మూసి ఉంది.

"అమ్ముడుపోవాలని చెయ్యనా అక్కా, నిలవాలని చెయ్యనా?"

నాలుగు చర్చిలకు వినబడేలా ప్రార్థించే మనిషి వేసుకున్న చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, ఖాళీ అయిన చాప మీద కూర్చుంది.

"తెలీదు మే. తలుపేసుకుని మీటింగంటది. నేను కాఫీ గడప కాడ పెట్టి వస్తా ఉండా."

"తేదీ అడగతా ఉందా?"

"లేదు."

ఎవాంజెలిన్ కూడా చెప్పులు విడిచింది. కానీ చాప మీద కూర్చోలేదు. కూర్చున్న మనిషి చెయ్యి పట్టుకుని లేపి, ఎదురు వరస వైపు నడిపించింది. ఇద్దరూ ఒట్టికాళ్లతో ఎండలో రోడ్డు దాటారు.

ఇంతకీ, మీ ఇంటికి ఎవరైనా లీవు మీద వచ్చారా? తేదీ అడుగుతున్నారా?